ఇటలీవారి మొక్కజొన్న సంకటి

ఇటలీ వంటలనగానే మన పట్టణములలోని విద్యార్థులకు ఇప్పుడు పిజ్జాయును పాస్తాయును జ్ఞప్తికి వచ్చును. ఆ రెండును గోధుమ వంటలే. కాని ఆ దేశపు ఉత్తర భాగమున, ఆల్ప్స్ పర్వత పాదములనుండి పో నదీ మైదానము వరకు, తరతరములుగా పేదవాని కడుపు నింపినది గోధుమ కాదు, మొక్కజొన్న. మొక్కజొన్న రవ్వను ఉప్పు నీటిలో ఉడికించి చేయు ముద్దను అక్కడివారు పొలెంటా అందురు. తెలంగాణ పల్లెలలో మక్క గటకయో జొన్న గటకయో తిని పెరిగినవారికి, రాయలసీమలో రాగి సంకటి ఎరిగినవారికి దీనిని వేరుగా వర్ణించి చెప్ప నక్కరలేదు. దక్షిణ ఇటలీవారు ఉత్తరాదివారిని ‘పొలెంటోనీ’లని ఎగతాళి చేయుదురు, అనగా పొలెంటా తిండిపోతులని.

ఈ ముద్ద చలికాలపు వంట. అక్కడ మొక్కజొన్న కోతలు శరదృతువులో జరుగును. కంకులు ఎండి, గింజలు మరపట్టి వచ్చిన కొత్త పిండి ఇండ్లకు చేరునప్పటికి చలి ముదురును. గుమ్మడికాయలు, చెస్ట్‌నట్ కాయలు, ఎండు బీన్స్, ముదురాకు క్యాబేజీలు, నవంబరులో గానుగనుండి వచ్చు కొత్త ఆలివ్ నూనె - ఇవియే ఆ రోజులలో ఇంటి ఇల్లాలి చేతిలోని సరుకులు. వాటిని మార్చి మార్చి వండుటలోనే ఆమె నేర్పంతయు ఉన్నది. ఇంత సాదా వంటను గూర్చి విజ్ఞాన పత్రికలో వ్రాయుట ఏల యని అడుగవచ్చును. ఈ పసుపు ముద్ద వెనుక ఒక భయంకర వ్యాధి చరిత్ర ఉన్నది. దాని చివరి అధ్యాయములలో ఒకటి మన హైదరాబాదులో వ్రాయబడినది.

పొలెంటా మొక్కజొన్నకంటె చాల పాతది. ప్రాచీన రోమనులు గోధుమ జాతి ధాన్యముతో చేసికొన్న ‘పుల్స్’ అను జావయే దీనికి పూర్వరూపము. తరువాతి శతాబ్దములలో వరిగలు, కొర్రలు, బార్లీ, బక్‌వీట్, కొండప్రాంతములలో చెస్ట్‌నట్ పిండి కూడ ఈ ముద్దకు వాడిరి. అమెరికా ఖండమునుండి కొలంబస్ యాత్రల తరువాత వచ్చిన మొక్కజొన్న, 16వ శతాబ్దములో వెనిస్ పరిసరములలోని పొలములకు ఎక్కినది. ఇటలీవారు దానికి పెట్టిన పేరు ‘గ్రానోతుర్కో’, అనగా టర్కీ ధాన్యము. టర్కీతో దానికి పుట్టుక సంబంధమేమియు లేదు; ఆ రోజులలో విదేశపు వస్తువు ఏది వచ్చినను టర్కీ పేరు తగిలించుట వారి అలవాటు. మనము సీమచింత, సీమవంకాయ అనుట లేదా? ఆ సీమచింతయు అమెరికా చెట్టే.

ముద్ద ఎట్లు గట్టిపడును?

ఇటలీ గృహిణి పద్ధతి ఇది. రాగి పాత్రలో నీరు మరగించి ఉప్పు వేయును. నీటి బరువులో నాలుగవ వంతు మొక్కజొన్న రవ్వను గుప్పిటనుండి సన్నని ధారగా జారవిడుచుచు, మరియొక చేతితో పొడవైన కఱ్ఱతో కలుపును. తరువాత నలువది, నలువదియైదు నిమిషములు తిప్పుచునే యుండును. పాత్రను చెక్కపలక మీద బోర్లించి, ముద్దను దారముతో కోసి పంచిపెట్టును. కత్తికి అంటుకొనును, దారమునకు అంటదు.

ఇందులో ప్రతి మెట్టునకును కారణమున్నది. మొక్కజొన్న గింజ బరువులో సుమారు ఏడు పాళ్లు, అనగా నూటికి డెబ్బది వరకు, పిండిపదార్థము. అది మిల్లీమీటరులో నూరవ వంతు ప్రమాణము గల సూక్ష్మ రేణువుల రూపములో ఉండును. చన్నీటిలో ఈ రేణువులు కరుగవు, అడుగున పేరుకొనును. నీటి వేడిమి 62 నుండి 72 డిగ్రీల సెంటిగ్రేడు చేరుసరికి రేణువులోని అణువుల గట్టి అమరిక సడలి, నీరు లోనికి చొచ్చుకొనిపోవును. రేణువు తన పరిమాణమునకు అనేక రెట్లు ఉబ్బును. అమైలోజ్ అను పొడవైన గొలుసు అణువులు బయటికి కారి నీటిలో చిక్కుపడును. ఉబ్బిన రేణువులు ఒకదానినొకటి ఒరసికొనుటచే జావ చిక్కబడును.

రవ్వను ఒక్కసారిగా కుమ్మరించినచో ఉండలు కట్టుట అందరికిని అనుభవమే. ముద్దగా పడిన పిండికి పైపొర మాత్రము వెంటనే ఉబ్బి జిగురై, నీరు చొరనీయని తొడుగువలె ఏర్పడును. లోపలి పిండి పొడిగానే మిగిలిపోవును. ఎంతసేపు మరగించినను ఆ ఉండ విడదు. సన్నని ధారలో ప్రతి రవ్వయు విడిగా తడియును.

డెబ్బదిరెండు డిగ్రీలు చాలునన్నప్పుడు నలువది నిమిషములు ఎందుకు? వేడి చేరుట వేరు, నీరు చేరుట వేరు. వేడి రవ్వ నడుమకు క్షణములలో చేరును. నీరు మాత్రము గింజలోని గట్టి మాంసకృత్తుల గోడలను దాటుకొని మెల్లగా వ్యాపించవలెను. ఇట్టి వ్యాపనమునకు పట్టు కాలము, రవ్వ సైజు రెట్టింపైనచో రెండు రెట్లు కాక సుమారు నాలుగు రెట్లగును. మెత్తని పిండి పదినిమిషములలో ఉడికి, బరక రవ్వ ముప్పావుగంట తీసికొనుటకు కారణమిదియే. తరగతిలో వ్యాపనము చెప్పు ఉపాధ్యాయులు సిరా చుక్కతోపాటు ఈ ఉదాహరణమును కూడ చెప్పవచ్చును. పిల్లలకు సిరాకంటె సంకటి త్వరగా అర్థమగును.

తిప్పుటను గూర్చి ఒక స్వానుభవము. మొదటిసారి ఇంటిలో పొలెంటా చేసినప్పుడు, ఇంతసేపు గరిటె త్రిప్పుట వృథా యని తలచి, పుస్తకము చేతబట్టితిని. అడుగు మాడినది. అంతటితో పోక, ముద్దనుండి ఎగిరిన ఒక బొట్టు మణికట్టు మీద పడి బొబ్బ లేచినది. పలుచని నీటిలో అడుగున వేడెక్కిన భాగము తానుగా పైకి లేచి, చల్లనిది క్రిందికి దిగును. చిక్కని ముద్దలో ఆ కదలిక ఆగిపోవును. అడుగు పొర అక్కడనే నిలిచి మాడును. అక్కడ పుట్టిన ఆవిరి బుడగ సులభముగా పైకి రాలేక, పెరిగి పెరిగి ఒక్కసారిగా పగిలి ముద్దను చిమ్మును. ఆ ముద్ద చర్మమునకు అంటుకొని వేడిని విడువదు. గరిటె త్రిప్పు చేయి ప్రకృతి చేయలేని పనిని చేయుచున్నదన్నమాట. ఇటలీవారు రాగి పాత్రనే కోరుటయు ఇందుకే. ఇనుముకంటె రాగి అయిదు రెట్లు బాగుగా ఉష్ణమును ప్రసరింపజేయును, కావున అడుగున ఒకచోట మాత్రమే వేడి పోగుపడదు. ఆ పాత్రకు లోపల కళాయి పూత ఉండదు. పొలెంటాలో పులుపు లేనందున అది చెల్లినది. చింతపండు పులుసు కాచు మన ఇండ్లలో మాత్రము కళాయి లేని రాగిపాత్ర పనికిరాదు. ఆమ్లము రాగిని కరిగించును.

చల్లారిన పొలెంటా పలకవలె గట్టిపడును. విడిపోయిన అమైలోజ్ గొలుసులు వేడి తగ్గగానే తిరిగి ప్రక్కప్రక్కన చేరి బిగిసికొనుటయే దీనికి హేతువు. రాత్రి మిగిలిన ముద్దను మరునాడు ముక్కలు కోసి పెనము మీద కాల్చి తినుట ఇటలీలో ప్రతి ఇంటి అలవాటు. పై పొరలో నీరు ఎగిరిపోయి వేడిమి 140 డిగ్రీలు మించినప్పుడు, చక్కెరలును అమినో ఆమ్లములును కలిసి గోధుమరంగును కమ్మని వాసనను ఇచ్చును. నా మట్టుకు నాకు మొదటినాటి ముద్దకంటె ఈ రెండవనాటి ముక్కలే రుచి.

గరుకు చర్మపు వ్యాధి

ఇంతవరకు చెప్పినది వంట. ఇక వ్యాధి మాట.

18వ శతాబ్దము వచ్చుసరికి ఉత్తర ఇటలీలో మొక్కజొన్న పంట విరివిగా పెరిగెను. ఎకరమునకు గోధుమకంటె అధికముగా పండుటచే, కౌలు రైతులు గోధుమను భూస్వామికిని సంతకును తోలి, తాము మొక్కజొన్నతో సరిపెట్టుకొనిరి. చలికాలమంతయు మూడు పూటలును పొలెంటాయే. దానితో నంజుకొనుటకు ఏమియు లేని ఇండ్లు అనేకము. వసంతము వచ్చి రైతు పొలములోనికి పోగానే, ఎండ సోకిన చేతులు, మెడ, పాదములు ఎఱ్ఱబారి, పిదప నల్లబడి, పొలుసులు లేచి గరుకు కట్టెడివి. తరువాత విరేచనములు, ఆ తరువాత మతిభ్రమణము, చివరకు మరణము. 1735లోనే స్పెయిన్ వైద్యుడు గాస్పార్ కాసాల్ ఇట్టి రోగులను చూచి వర్ణించెను. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రాంచెస్కో ఫ్రాపోల్లీ దీనిని పల్లెజనులు పిలుచు పేరుతోనే ‘పెల్లాగ్రా’ యని గ్రంథస్థము చేసెను. ఆ మాటకు గరుకు చర్మమని అర్థము. 1786లో ఇటలీకి పయనించిన జర్మన్ మహాకవి గోథే, దారిలో ఆల్ప్స్ ప్రాంతపు స్త్రీల పాలిపోయిన ముఖములను చూచి, మొక్కజొన్న, బక్‌వీట్ ముద్దల తిండియే కారణమై యుండునని తన యాత్రా గ్రంథములో వ్రాసికొనెను. కవి కన్ను కొన్నిసార్లు వైద్యుని కన్నుకంటె సూటిగా చూచును.

1881 నాటికి ఇటలీలో పెల్లాగ్రా రోగుల సంఖ్య లక్ష దాటినది. కారణమేమన్న విషయమై పండితులు రెండుగా చీలిరి. తిండిలో ఏదో లోపమని కొందరు, బూజు పట్టిన మొక్కజొన్నలోని విషమని మరికొందరు. రెండవ పక్షమునకు నాయకుడు చేజరె లొంబ్రోజో. అతని కీర్తి వలన ఆ వాదమే నిలిచి, 1902లో చేసిన పెల్లాగ్రా నివారణ చట్టము కూడ చెడిన మొక్కజొన్న అమ్మకమును అరికట్టుటకు ప్రాధాన్యమిచ్చినది. అయినను ఆ చట్టము రోగులకు మంచి భోజనము పెట్టించుటకు కూడ ఏర్పాటు చేసినందున, సిద్ధాంతము తప్పైనను కొంత మేలు జరిగినది.

సమస్యను విడదీసినవాడు అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బెర్గర్. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలోను మొక్కజొన్న తినెడి పేదలకు ఇదే వ్యాధి. 1914లో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ ఆయనను దీనిపై నియమించెను. అనాథాశ్రమములను, పిచ్చి ఆసుపత్రులను తిరిగి చూచిన ఆయనకు ఒక విషయము తోచినది: అక్కడి రోగులకు వ్యాధి వచ్చుచున్నది, వారితో పగలురేయి కలిసి తిరుగు సిబ్బందికి వచ్చుట లేదు. అంటువ్యాధికి ఇట్టి పక్షపాతము ఉండదు. భేదము భోజనములోనే ఉండవలెను. విద్యార్థులు ఈ తర్కమును ఒకసారి నిదానముగా ఆలోచించవలెనని నా కోరిక. ఇందులో ఏ పరికరమును లేదు, చూపు మాత్రమే ఉన్నది. ఆశ్రమములలో పాలు, గ్రుడ్లు, మాంసము, బీన్స్ చేర్పించగా వ్యాధి మాయమైనది. 1915లో మిసిసిపీ రాష్ట్రపు జైలులో పదునొకండుగురు ఖైదీలు విడుదల వాగ్దానము మీద ఒప్పుకొనగా, వారికి మొక్కజొన్న, తెల్లపిండి, పాకము మొదలగువానితో కూడిన తిండి పెట్టెను. ఆరోగ్యముగా ఉన్నవారిలో ఆరుగురికి కొన్ని నెలలలో పెల్లాగ్రా లక్షణములు కనబడెను. అప్పటికిని నమ్మనివారి కొరకు 1916లో ఆయన, ఆయన మిత్రులు, భార్యయు రోగుల రక్తమును తమ శరీరములలోనికి ఎక్కించుకొనిరి. పురుషులు రోగుల చర్మపు పొలుసులు మొదలగు అసహ్య పదార్థములను మ్రింగిరి కూడ. ఎవరికిని వ్యాధి రాలేదు. ఖైదీలపై చేసిన ప్రయోగమును ఈనాటి నీతి నియమములు అంగీకరింపవు. ఆ మాటను దాచి ఆయనను పొగడుట నాకు ఇష్టము లేదు.

గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించెను. తాను వెదకిన పదార్థము పేరు ఆయనకు తెలియదు. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ అది నికోటినిక్ ఆమ్లమని, అనగా నేడు నియాసిన్ అనబడు బి వర్గపు విటమిన్ అని చూపెను. జీవకణములు ఆహారమునుండి శక్తిని పిండుకొనుటకు ఇది అత్యవసరము. పెద్దవారికి దినమునకు సుమారు 14 నుండి 16 మిల్లీగ్రాములు కావలెను.

ఇక్కడనే ఒక చిక్కు ఎదురైనది. నూరు గ్రాముల ముడి మొక్కజొన్నలో నియాసిన్ మూడున్నర మిల్లీగ్రాములున్నది. దినమునకు అరకిలో తినువానికి కాగితము మీద కావలసినంత లభించుచున్నది! పాలలోనో, లీటరుకు ఒక మిల్లీగ్రాము మాత్రమే. అయినను మొక్కజొన్న వ్యాధి తెచ్చుచున్నది, పాలు మాన్పుచున్నవి. ఇది ఎట్లు?

సమాధానము రెండు భాగములు. మొదటిది, మొక్కజొన్నలోని నియాసిన్ చాలవరకు ఇతర పదార్థములతో బిగిసికొని యుండి మన ప్రేవులలో విడిపోదు. పెట్టెలో ధనమున్నను తాళపుచెవి లేనట్లు. రెండవది, మన శరీరము ట్రిప్టోఫాన్ అను అమినో ఆమ్లమునుండి తానే నియాసిన్ తయారు చేసికొనగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఒక మిల్లీగ్రాము నియాసిన్‌కు సమానము. లీటరు పాలలో ట్రిప్టోఫాన్ సుమారు 400 మిల్లీగ్రాములు, అనగా ఆరున్నర మిల్లీగ్రాములకు పైగా నియాసిన్. మొక్కజొన్న మాంసకృత్తులలో ఈ ట్రిప్టోఫాన్ మిక్కిలి తక్కువ. కావున రెండు దారులును మూసికొనిపోయినవి.

మరి వేల సంవత్సరములుగా మొక్కజొన్న తిన్న మెక్సికో ప్రజలకు పెల్లాగ్రా ఎందుకు రాలేదు? వారు గింజలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుదురు. సున్నపు క్షారము బిగిసిన నియాసిన్‌ను విడిపించును. వారికి ఈ రసాయన శాస్త్రము తెలిసి కాదు. పొట్టు ఊడుటకును పిండి సాగుటకును అట్లు చేసిరి. వారితోపాటు బీన్స్ ఎల్లప్పుడు విస్తరిలో ఉండెను. ఓడలలో ఐరోపాకు గింజ వచ్చినది, సున్నపు తేట రాలేదు.

హైదరాబాదు మాట. మన దక్కను పీఠభూమిలో మొక్కజొన్న కాదు, జొన్న ప్రధానాహారముగా తిన్న నిరుపేద కూలీలలో పెల్లాగ్రా కనబడెడిది. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో వలె అంత తక్కువ కాదు. కావున పాత వివరణము చాలలేదు. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమునకు (1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ) చెందిన సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియాలు 1960లో ఒక కొత్త సూచన చేసిరి: జొన్నలో ల్యూసిన్ అను అమినో ఆమ్లము అధికముగా ఉండి, ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారు క్రమమును భంగపరచుచున్నదని. ఇతర దేశములలో చేసిన ప్రయోగములన్నియు దీనిని బలపరచలేదు. చర్చ చాలకాలము నడచినది. కాని ఒక్కొక్క విటమిన్‌ను విడిగా కాక, ఆహారములోని పదార్థముల పరస్పర నిష్పత్తిని చూడవలెనను దృష్టి ఆ పరిశోధన వలన బలపడినది. జొన్న తిన్నవారందరికిని ఈ వ్యాధి రాలేదు సుమా. పప్పు, పాలు, ఆకుకూర తోడైన ఇంటిలో జొన్నరొట్టె బలవర్ధకమైన భోజనమే.

ముద్దకు తోడు

ఇటలీలోను అంతే. పాడిపశువులున్న కొండ గ్రామములలో పొలెంటా మీద చీజ్ కరగించి తిన్నవారు ఈ బాధ ఎరుగరు. చీజ్ అనగా మన జున్ను కాదు. పాలను విరిచి, నీరు వడకట్టి, నెలల తరబడి మాగవేసిన గట్టి పదార్థము. 20వ శతాబ్దములో కూలి పెరిగి, భోజనము మారి, పెల్లాగ్రా తగ్గి మాయమైనది. నేడు పొలెంటా అక్కడ ఇష్టముగా తిను చలికాలపు వంట.

ఆ చలికాలపు తోటలో రెండు ఆకులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. టస్కనీ ప్రాంతపు నల్ల క్యాబేజీ, ‘కావలో నేరో’, మంచు కురిసిన తరువాతనే రుచి యని రైతులు చెప్పుదురు. ఇది వట్టి నమ్మకము కాదు. చలికి మొక్క తన పిండిపదార్థములో కొంత చక్కెరగా మార్చుకొనును. చక్కెర కరిగిన నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు గనుక కణములు చీలిపోకుండును. మొక్క ప్రాణరక్షణ మనకు తీపి. రెండవది ట్రెవీజో నగరపు ఎఱ్ఱని రాడిక్కియో. మన కాఫీ పొడిలో కలుపు చికోరీ వేరు ఏ జాతి మొక్కదో ఇది ఆ జాతి ఆకే. నవంబరు మంచు తగిలిన మొక్కలను వేళ్లతో సహా పెకలించి, చీకటి కొట్టములలో, ఊటనీరు పారు తొట్లలో రెండు వారములు నిలుపుదురు. వెలుగు లేక కొత్త ఆకులలో పత్రహరితము పుట్టదు. ఈనెలు మల్లెపూవువలె తెల్లగా, అంచులు ముదురెరుపుగా వచ్చును, చేదు తగ్గును.

టస్కనీ ఉత్తరపు అంచున లునిజానా అను కొండసీమ ఉన్నది. అక్కడి ‘పొలెంటా ఇన్‌కాతెనాతా’ యను వంటకు సంకెలలు వేసిన పొలెంటా యని అర్థము. బీన్స్, నల్ల క్యాబేజీ ముద్దలో చిక్కుకొని గొలుసువలె కనబడుటచే ఆ పేరు. మొక్కజొన్నలో కొరతపడిన లైసిన్, ట్రిప్టోఫాన్ అను అమినో ఆమ్లములను బీన్స్ పూరించును. బీన్స్‌లో తక్కువైన మిథియోనిన్‌ను మొక్కజొన్న ఇచ్చును. లక్షమందిని పీడించిన వ్యాధికి మందు ఈ కొండవారి కుండలోనే ఉన్నది. పో మైదానపు కూలికి ఆ గుప్పెడు బీన్స్ కొనుటకు స్తోమత చాలలేదు.

నలుగురికి చేయు విధము చెప్పెదను. నూటయాబది గ్రాముల ఎండు బీన్స్ రాత్రి నానవేసి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో ఉడికించవలెను. రాజ్మా జాతి గింజలైనచో తళతళ మరుగు నీటిలో కనీసము పది నిమిషములు, ముప్పది నిమిషములైనచో మరియు మంచిది, ఉడుకనిచ్చిన తరువాతనే మంట తగ్గించవలెను. పచ్చిగింజలలోని లెక్టిన్ అను విషపదార్థము సన్నని సెగకు నశింపదు, వాంతులు కలిగించును. ఈ గింజలు దొరకనిచోట బొబ్బర్లు వాడవచ్చును. అమెరికా బీన్స్ రాకముందు ఇటలీవారు తిన్నవి బొబ్బర్ల జాతివే. గింజలు మెత్తబడిన పిదప, తరిగిన క్యాబేజీ రెండువందల గ్రాములు వేసి, అంతయు కలిసి లీటరున్నర అగునట్లు నీరు పోసి, ఉప్పు వేసి మరగనీయవలెను. రెండువందల యాబది గ్రాముల మొక్కజొన్న రవ్వను ధారగా జల్లుచు కలిపి, సన్నని సెగను నలువది నిమిషములు త్రిప్పవలెను. దింపునప్పుడు పైన నూనె, తురిమిన చీజ్ వేయుదురు. ఆలివ్ నూనె ఖరీదైనచో నువ్వుల నూనె బాగుండునని మా యింటివారి తీర్పు.

మిగిలినదానిని నూనె పూసిన పళ్లెములో పరచి ఆరనిచ్చి, మరునాటి ఉదయము ముక్కలు కోసి పెనము మీద రెండువైపుల ఎఱ్ఱగా కాల్చవలెను. మా పిల్లలు ఆ ముక్కలమీద ఆశతోనే ముందునాటి రాత్రి ముద్దను పేచీ లేకుండ తిందురు.